పేజీలో లేని బొమ్మలు

అక్టోబర్ 6, 2025, సోమవారం

ఫొటోలు తెర మీద కనిపిస్తున్నాయి, ఫైల్లో మాత్రం లేవు. శతజయంతి సంచిక పని ఒప్పుకున్నాక తెలిసిన మొదటి సంగతి ఇది.

ఒక పల్లెటూరి హైస్కూలు సంచిక. ఏ4 సైజు, 160 పేజీలు. లోపలంతా మాప్‌లిథో మీద సింగిల్ కలర్, నడుమ 8 పేజీలు ఆర్ట్ పేపర్ మీద మల్టీకలర్. నాకంటే ముందు ఒక డీటీపీ సెంటర్లో 40 పేజీల దాకా సెట్ చేయించారు. ఏదో మాట తేడా వచ్చి అక్కడితో ఆపేశారట. ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చిచ్చారు. పేజ్‌మేకర్ 7, అనూ ఫాంట్లు. తెరిచీ తెరవగానే, ఈ ఫొటో ఎక్కడుంది, ఆ ఫొటో ఎక్కడుంది అని వరసగా అడగడం మొదలుపెట్టింది. అది వెతుకుతున్న చోటు ఆ సెంటర్ వాళ్ల డీ డ్రైవ్‌లో ‘న్యూ ఫోల్డర్ (3)’. ఆ కంప్యూటరు ఇప్పుడు లేదు. పాత సామాన్లవాడికి వేసేశారట.

“కనపడుతూనే ఉన్నాయి కదా మేడమ్” అన్నారు కమిటీ కార్యదర్శి గారు, తెర మీద వేలు పెట్టి. కనపడేది పేజీ అమర్చుకోవడానికి సాఫ్ట్‌వేర్ దాచుకున్న పలచటి నమూనా. దాన్నే అచ్చుకిస్తే మొహాలు గళ్లు గళ్లుగా వస్తాయి. ఈ మాట మీద ఆయనకు నమ్మకం కలగలేదు. లేజర్ ప్రింట్ ఒకటి తీసి చేతిలో పెట్టాక కలిగింది.

అక్టోబర్ 7

బొమ్మను పేజీలో పెట్టడానికి రెండే దారులు. లింకు అంటే చుట్టం చిరునామా రాసుకోవడం, ఎంబెడ్ అంటే ఆ చుట్టాన్నే తెచ్చి ఇంట్లో కూర్చోబెట్టుకోవడం. మొదటిదాంట్లో ఇల్లు తేలిగ్గా ఉంటుంది, కాకపోతే చుట్టం ఇల్లు మారితే మనకు తెలియదు. రెండోదాంట్లో ఎవరూ తప్పిపోరు, ఇల్లు మాత్రం ఇరుకవుతుంది.

పేజ్‌మేకర్ ఈ ఎంపికను ఒక ప్రశ్నగా అడిగేది. బొమ్మ 256 కిలోబైట్లు దాటితే, మొత్తం కాపీని పబ్లికేషన్‌లోనే పెట్టుకోమంటారా అని ఒక పెట్టె వచ్చేది. ఆ పెట్టెను పూర్తిగా చదివిన ఆపరేటర్ను నేను చూడలేదు. అందరూ వద్దు అనే నొక్కేవారు, చెయ్యి అలా అలవాటు పడిపోయింది. దానికి కారణం లేకపోలేదు. ఏ4 పేజీ నిండా పరుచుకునే ఫొటోకు 300 రిజల్యూషన్ దగ్గర 2480 అడ్డం, 3508 నిలువు పిక్సెళ్లు కావాలి. నాలుగు రంగుల్లో అది దాదాపు 35 మెగాబైట్లు. ఫ్లాపీల మీద మోసే కాలంలో ఆ ఒక్క ఫొటోకే 24 ఫ్లాపీలు. ఆ రోజుల్లో వద్దు అన్నవాడే తెలివైనవాడు. ఫ్లాపీలు పోయి ఇరవై ఏళ్లయింది, అలవాటు మాత్రం అలాగే ఉంది.

అదే పేజ్‌మేకర్లో సేవ్ యాజ్ పెట్టెలో, లింకైన ఫైళ్లన్నీ వెంట కాపీ చేసే వీలు కూడా ఉండేది. ఆ పక్కకు ఎవరూ వెళ్లేవారు కాదు.

అక్టోబర్ 9

రిటైర్డ్ హెడ్‌మాష్టారు తన వ్యాసం వర్డ్ ఫైల్లో పంపారు. మ్యాటర్ మధ్యమధ్య ఫొటోలు అతికించి, ప్రతిదాని కిందా ముత్యాల్లాంటి యూనికోడ్‌లో పేర్లు. వయసు ఎనభై దాటిన మనిషి. “చూశావా అమ్మాయ్, నీకు పని లేకుండా చేశాను” అన్నారు ఫోన్లో.

వర్డ్‌లో కుడి మీట నొక్కి ఫొటో బయటికి తీసే ప్రయత్నం నేను చెయ్యను. డాక్స్ ఫైలంటేనే ఒక జిప్ సంచీ. కాపీ తీసి, చివరి అక్షరాలు జిప్ అని మార్చి విప్పితే, వర్డ్ అన్న ఫోల్డర్లో మీడియా అన్న ఫోల్డర్. ఎంబెడ్ చేసిన ఫొటోలన్నీ అందులో పడుకుని ఉంటాయి. లిబ్రే ఆఫీస్ వారి ఓడీటీ కూడా ఇంతే, అక్కడ ఆ ఫోల్డర్ పేరు పిక్చర్స్.

చిక్కేమిటంటే పేర్లు. మాష్టారి కంప్యూటర్లో ఆ ఫొటోలకు ఏ పేర్లున్నాయో గానీ, సంచీలోంచి తీసేసరికి అన్నీ ఇమేజ్1, ఇమేజ్2, ఇమేజ్3. ఏది ఎవరిదో తెలియాలంటే వర్డ్ ఫైలు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ చూడాల్సిందే. బొమ్మ దక్కింది గానీ దాని వెనక రాసుకున్న పేరు పోయింది.

ఇంకొకటి. వర్డ్ సేవ్ చేసేటప్పుడు మనల్ని అడక్కుండా ఫొటోలను కుదిస్తుంది. చాలా వెర్షన్లలో ఆ హద్దు అంగుళానికి 220 పిక్సెళ్లు. పేజీలో రెండంగుళాల వెడల్పుకు నొక్కి పెట్టిన ఫొటోకు 440 పిక్సెళ్లే మిగులుతాయి. దాన్ని సంచికలో అరపేజీ వెయ్యమంటే ఎలా?

అక్టోబర్ 10

నిన్నటి సంచీలో ఒక వింత. మాష్టారి వ్యాసంలో ఒక గ్రూప్ ఫొటోలో ఐదుగురున్నారు. మీడియా ఫోల్డర్లోని అదే ఫొటోలో ఆరుగురున్నారు. కుడి చివరి ఆయన్ని మాష్టారు కత్తిరించారు. వర్డ్‌లో కత్తిరించడమంటే కప్పిపెట్టడమే. కత్తిరించిన భాగాలు తీసెయ్యమని విడిగా చెబితే తప్ప ఆ ముక్క ఫైల్లోనే ఉంటుంది. గిట్టనివాణ్ణి ఫొటోలోంచి తీసేసి ఆ ఫైలు ఊరంతా పంచేవారికి ఈ సంగతి తెలియడం మంచిది.

ఆ ఆరో మనిషెవరని నేను అడగలేదు. ఐదుగురితోనే వేస్తున్నాను.

అక్టోబర్ 13

వాట్సాప్‌లో వచ్చినవన్నీ దింపాను. మామూలుగా పంపిన ఫొటో పొడుగు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. 300 లెక్కన అది ఐదంగుళాల చిల్లర. సింగిల్ కాలమ్ ఫొటోకు ధారాళంగా సరిపోతుంది, పేజీ మొత్తానికి చాలదు. తీసిన తేదీ, కెమెరా వివరాలు కూడా దారిలోనే రాలిపోతాయి. అదే ఫొటోను డాక్యుమెంట్‌గా జత చేసి పంపితే ఏమీ పోదు.

పూర్వ విద్యార్థుల గ్రూపులో ఈ మాట మొన్ననే రాశాను. రెండు రోజుల తర్వాత కూడా మామూలుగానే వస్తున్నాయి, ప్రతిదాని కిందా ఒక నమస్కారం బొమ్మతో.

అక్టోబర్ 16

ఫోల్డర్ కట్టాను. సంచిక పేరుతో ఒకే పెద్ద ఫోల్డర్, దానిలో నాలుగు చిన్నవి: మ్యాటర్, అసలు ఫొటోలు, పేజీ ఫొటోలు, ఫాంట్లు. అసలు ఫొటోల జోలికి ఎవరూ పోకూడదు, అందులోంచి కాపీ తీసి పేజీ ఫొటోల్లో పెట్టుకోవాలి. సంచికను పేజ్‌మేకర్లో కాక ఇన్‌డిజైన్‌లో కడుతున్నాను. ఆ ఫైలు పెద్ద ఫోల్డర్లోనే, చిన్నవాటి పక్కన.

మా దగ్గర పనిచేసే కుర్రాడికి ఇది చాదస్తంగా తోచింది. “డెస్క్‌టాప్ మీదున్నవి డెస్క్‌టాప్ మీంచే పెడితే ఏమవుతుందక్కా?” అన్నాడు. నేను పెన్‌డ్రైవ్ తీసి, ఇంకో పోర్టులో వేరేదొకటి పెట్టి, దీన్ని మళ్లీ గుచ్చాను. ఇందాక ‘ఈ’ అక్షరంతో ఉన్న డ్రైవ్ ఇప్పుడు ‘ఎఫ్’ అయింది. దాని మీంచి పెట్టిన బొమ్మలన్నిటికీ లింకులు తెగాయి. ఇక మాట్లాడలేదు.

పేర్ల గురించి కూడా చెప్పాను. ఇంగ్లిషు చిన్నక్షరాలు, అంకెలు, మధ్యలో ఖాళీలు లేకుండా. తెలుగులో ఫైళ్లకు పేర్లు పెట్టడం నాకు ఇష్టమే, ఇంట్లో అలాగే పెట్టుకుంటాను. కానీ ఈ ఫైళ్లు ఎన్ని కంప్యూటర్లు, ఎన్ని పాత సాఫ్ట్‌వేర్లు దాటాలో తెలియదు. ఫోల్డర్లో ఫోల్డర్, దాన్లో ఇంకో ఫోల్డర్ పెట్టుకుంటూ పోయినా ప్రమాదమే. విండోస్‌లో ఫైలు దారి మొత్తం కలిపి 260 అక్షరాలన్న పాత హద్దు ఇప్పటికీ చాలా సాఫ్ట్‌వేర్లను పట్టుకునే ఉంది.

అక్టోబర్ 17

పెన్‌డ్రైవ్ అడుగున తోక లేని ఫైళ్లు కొన్ని దొరికాయి. ఎవరో పేరు మారుస్తూ చివరి మూడక్షరాలు చెరిపేశారు. దేనితో తెరవాలో కంప్యూటరుకు తెలియదు. ఇలాంటప్పుడు ఫైలు లోపలి బైట్లు చూపించే చిన్న పనిముట్టు ఒకటి కావాలి. మొదట్లో రెండు ‘ఐ’లో రెండు ‘ఎం’లో ఉండి, ఆ వెంటనే 42 అన్న అంకె ఉంటే అది టిఫ్. జేపెగ్ అయితే ఎఫ్ఎఫ్ డీ8 అని మొదలవుతుంది. పాత డీటీపీ సెంటర్లో స్కాన్ చేసినవే ఇవి! 40 పేజీల్లో కావలసిన ఫొటోల్లో సగం దొరికినట్టే.

అక్టోబర్ 21

దీపావళి మర్నాడు. ఊరంతా ఇంకా పొగ వాసన.

ఇన్‌డిజైన్‌లో లింక్స్ పేనల్ తెరిచి ఉంచుకుని పనిచేసేవారు కొద్దిమందే. కంట్రోల్, షిఫ్ట్, డీ కలిపి నొక్కితే వస్తుంది. పసుపు త్రికోణంలో ఆశ్చర్యార్థకం ఉంటే బొమ్మ ఉంది గానీ నీకు తెలియకుండా ఎవరో మార్చారని అర్థం. ఎర్రటి గుండ్రంలో ప్రశ్నార్థకం ఉంటే అది ఉండాల్సిన చోట లేదు. ఏ గుర్తూ లేకపోతే సవ్యంగా ఉన్నట్టు. కాని దీన్ని అంతగా నమ్మకూడదు.

ఫొటోషాప్‌లో కాపీ చేసి నేరుగా ఇక్కడ అతికించిన బొమ్మలైతే పేనల్లోకి రానే రావు. వాటికి పేరుండదు, ఊరుండదు. బాగుచేయాలంటే వెనక్కి పంపే దారి లేదు. పద్ధతిగా ఎంబెడ్ చేసినవాటిని అన్‌ఎంబెడ్ చేసి మళ్లీ ఫైళ్లుగా దింపుకోవచ్చు, వీటికి ఆ భాగ్యం కూడా లేదు. అందుకే మా దగ్గర కాపీ పేస్టు నిషేధం. ప్లేస్ కమాండ్ ఒక్కటే దారి.

పేనల్లో నేను ముందుగా చూసేది ఎఫెక్టివ్ పీపీఐ. 300 ఉన్న ఫొటోను పేజీలో రెండింతలు పెంచితే అది 150 అవుతుంది. ఫొటో లోపల రాసి ఉన్న అంకె ఎంతైనా కావచ్చు, అచ్చుకు లెక్క ఇదే.

అక్టోబర్ 28

మొంథా తుపాను. సాయంత్రం నుంచి కరెంటు లేదు. ల్యాప్‌టాప్ మూసేసి, కొవ్వొత్తి వెలుగులో కాగితం మీద రాస్తున్నాను.

మేం వేయించే ప్రెస్సులో ఒకప్పటి ఫోర్‌మన్ ఉన్నారు. లెటర్‌ప్రెస్ కాలం మనిషి. పండగలకు వచ్చి కూర్చుని వెళుతుంటారు. ఆయన దగ్గర విన్నవి గుర్తొస్తున్నాయి. అప్పుడు బొమ్మ అంటే బ్లాకు. గీతల బొమ్మకు జింకు, ఫొటోకు రాగి. అక్షరం ఎత్తుకు, అంటే అంగుళంలో 0.918 వంతుకు, సరిపోయేలా కింద చెక్క దిమ్మ. న్యూస్‌ప్రింట్ అయితే 65 స్క్రీన్, ఆర్ట్ పేపరైతే దానికి రెట్టింపు దాకా. అచ్చయ్యాక బ్లాకును కడిగి అరలో పెట్టి, దాని ప్రూఫ్ ఒకటి రిజిస్టర్లో అంటించి నంబరు వేసేవారట. మళ్లీ కావలసినప్పుడు రిజిస్టర్ చూసి అర దగ్గరికి వెళ్లడమే. “బ్లాకు ఎరువిస్తే పుస్తకంలో సంతకం పెట్టించుకునేవాళ్లం మేడమ్, పత్రికవాళ్లయినా సరే” అంటారాయన.

మనం లింకు అంటున్నది ఆ రిజిస్టర్నే. అయితే ఆ కాలంలో బ్లాకు లేకపోతే పేజీలో గుంట కనిపించేది. ఫారం మిషన్ మీదికి ఎక్కేదే కాదు. ఇప్పుడు బొమ్మ పోయినా తెర మీద నమూనా నవ్వుతూనే ఉంటుంది. కష్టమంతా అక్కడే ఉంది.

పేజ్‌మేకర్ 1985లో వచ్చింది, అమెరికాలోని సియాటిల్‌లో ఆల్డస్ అనే సంస్థ నుంచి. టిఫ్ ఫార్మాట్ కూడా ఆ సంస్థదే, మరుసటి ఏడు. 1994లో ఆల్డస్‌ను అడోబీ తనలో కలిపేసుకుంది. బొమ్మలు పేజీ ఫైలు బయట ఉండటం అప్పట్లో లోపం కాదు, వ్యాపారం అలా నడిచేది. డిజైనర్ దగ్గర చిన్న నమూనా బొమ్మ, అసలు స్కాన్ ఏమో ఫిల్మ్ తీసే బ్యూరో దగ్గర. ఫిల్మ్ తీసేటప్పుడు నమూనాను తీసి అసలును పెట్టేవారు. దానికి ఓపీఐ అన్న ఏర్పాటు చేసింది కూడా ఆల్డసే. క్వార్క్ వారి డీసీఎస్ ఇంకో అడుగు ముందుకు వెళ్లింది. ఒక్క ఫొటోకు ఐదు ఫైళ్లు: నాలుగు రంగులకు నాలుగు, చూసుకోవడానికి ఒకటి. చూసుకునేదాన్ని మాత్రమే బ్యూరోకు పంపి, తక్కిన నాలుగు ఇంట్లో మరిచిపోయిన కథలు ఆ తరం వాళ్ల దగ్గర బోలెడు.

వాన తగ్గలేదు.

నవంబర్ 3

ప్రూఫు చూసి మాష్టారు ఫోను. “అమ్మాయ్, మా సైన్సు మాష్టారు కబడ్డీ ఎప్పుడాడారమ్మా?”

1978 నాటి ఉపాధ్యాయుల గ్రూప్ ఫొటో ఉండాల్సిన చోట కబడ్డీ జట్టు ఉంది. కింద పేర్లు మాత్రం ఉపాధ్యాయులవే. కుర్రాడు శనివారం తెగిన లింకులు కలిపాడు. ఒకటి చూపిస్తే, ఆ ఫోల్డర్లో ఉన్నవాటిని పేర్లు బట్టి ఇన్‌డిజైన్ తనే కలుపుకుంటూ పోతుంది. స్కానర్ ప్రతి ఫోల్డర్లోనూ స్కాన్0001 నుంచే మొదలుపెడుతుంది. రెండు ఫోల్డర్లు, రెండు స్కాన్0001లు. పేరు కలిసింది, మనుషులు కలవలేదు. పేనల్లో పసుపూ లేదు, ఎరుపూ లేదు. దాని లెక్కలో అంతా సవ్యం. ఈ తప్పును పట్టుకునే సాఫ్ట్‌వేర్ లేదు, ఆ మనుషుల్ని ఎరిగిన ఒక పెద్దాయన కావాలి.

కుర్రాడు ఆ సాయంత్రం కూర్చుని ఫొటోలన్నిటికీ సంవత్సరం, విషయం, వరస నంబరు కలిపి పేర్లు మార్చాడు. నేను చెప్పలేదు.

నవంబర్ 5

పాత డ్రాయింగ్ మాష్టారు ఇండియన్ ఇంకుతో వేసిన బడి బొమ్మలు. వేపచెట్టు, గంట, నీళ్ల కుండ. ఎవరో వీటిని జేపెగ్‌లో స్కాన్ చేసి పంపారు. గీత చుట్టూ మసి పట్టినట్టు చుక్కలు. అసలు కాగితాలు తెప్పించి మళ్లీ స్కాన్ చేశాను, నలుపూ తెలుపూ తప్ప మధ్యలో బూడిద రంగు లేకుండా, 1200 దగ్గర. అంత పెద్ద అంకె వింటే జనం భయపడతారు. పిక్సెల్‌కు ఒక్క బిట్టే కాబట్టి ఏ4 బొమ్మ కుదించకుండానే 17 మెగాబైట్లు, టిఫ్‌లో గ్రూప్ 4 కుదింపు పెడితే అందులో చాలా తక్కువ వంతు. గీత చాకుతో కోసినంత పదునుగా వచ్చింది.

నవంబర్ 10

లింకు పద్ధతి తన ఖర్చు తీర్చుకున్న రోజు.

లోపలి పేజీల్లో అందరూ పంపినవి రంగు ఫొటోలు. మాప్‌లిథో మీద ఒక్క నలుపులో వెయ్యాలి. పీడీఎఫ్ తీసేటప్పుడే అన్నీ గ్రే చేసెయ్యొచ్చు కదా అంటారు. చెయ్యొచ్చు. కానీ ఎండలో తీసిన మొహానికి, ట్యూబులైటు కింద తీసిన మొహానికి ఒకే కొలత పనికిరాదు. మాప్‌లిథో సిరాను పీల్చి చుక్కను లావు చేస్తుంది. ముదురు చీరలు, క్రాపులు, కోట్లు అన్నీ కలిసి ఒకే నల్లటి ముద్దయిపోతాయి. అందుకని ముందు ఫొటోషాప్‌లో అన్నిటినీ ఒక్కసారిగా గ్రేలోకి మార్చి, నీడల్ని 90 శాతం దగ్గర ఆపి, టిఫ్‌లుగా సేవ్ చేయించాను. ఆ తర్వాత ఒక్కొక్క మొహం మీదా చెయ్యి పెట్టాను. జేపెగ్‌ను మార్చి మళ్లీ సేవ్ చేసిన ప్రతిసారీ కొంత నాణ్యత తగ్గుతుంది, అందుకే టిఫ్.

ఇప్పుడు పేజీల్లో ఉన్నవి జేపెగ్‌లు, ఫోల్డర్లో ఉన్నవి టిఫ్‌లు. పేనల్ మెనూలో రీలింక్ ఫైల్ ఎక్స్‌టెన్షన్ అని ఒకటుంది. ఫొటోలన్నీ ఎంచుకుని టిఫ్ అని రాస్తే, పేరు అదే, తోక మాత్రం కొత్తది. కత్తిరింపులూ, సైజులూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఫొటోలే మారిపోయాయి. కుర్రాడు కుర్చీలోంచి లేచి నిలబడి చూశాడు.

సాయంత్రం కార్యదర్శి గారి ఫోను. పాత భవనం శంకుస్థాపన ఫొటో, ఇంకో మూడు, రంగుల పేజీల్లోకి తేవాలట. దాతలు అడిగారట. గ్రే చేసిన ఫొటోకు రంగు మళ్లీ రాదు. అసలు ఫొటోల ఫోల్డర్ ఉంది కాబట్టి నాలుగూ అక్కడి నుంచి తెచ్చి పెట్టాను. ఇవన్నీ పేజీ ఫైల్లో ఎంబెడ్ అయి ఉంటే దాతలతో ఏం మాట్లాడేదాన్నో తెలియదు.

నవంబర్ 12

ముఖచిత్రం పూర్వ విద్యార్థి ఒకరు వేసి పంపారు. ఫ్లెక్సీల షాపు ఆయనది. కోరెల్‌డ్రా ఫైలు, దగ్గరదగ్గర గిగాబైటు. బొమ్మలన్నీ లోపలే.

మా రంగంలో వాళ్లు కోరెల్ ఆపరేటర్లను చిన్నచూపు చూస్తారు. ఈ విషయంలో నేను వాళ్లతో ఏకీభవించను. కోరెల్లో బొమ్మను ఇంపోర్ట్ చేస్తే మామూలుగా లోపలికే వస్తుంది. లింకుగా కావాలంటే ఇంపోర్ట్ బటన్ పక్క బాణం నొక్కి విడిగా అడగాలి. ఫ్లెక్సీ అయినా, శుభలేఖ అయినా ఒకటే పేజీ, ఈ పూట వేసి ఈ పూటే ఇచ్చేయాలి, ఫైలు పెన్‌డ్రైవ్‌లో మిషన్ దగ్గరికి పరుగెత్తాలి. అక్కడ లింకులు పెట్టుకుంటే పెళ్లికొడుకు ఫొటో లేకుండా బ్యానర్ లేస్తుంది. ఆయన పనికి ఎంబెడ్డే సరైనది. నా 160 పేజీలకు కాదు. ఎవరి పద్ధతి గొప్పదన్న వాదన, ఆ ఫైలు ఎన్నాళ్లు బతకాలో, ఎన్ని చేతులు మారాలో తెలియకుండా చేసేది.

నవంబర్ 13

డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనలేని చిన్న పత్రికలవారు స్క్రైబస్ వాడుకోవచ్చు. ఉచితం. అందులోనూ బొమ్మలు బయటే ఉంటాయి, కలెక్ట్ ఫర్ అవుట్‌పుట్ అంటే పేజీలు, బొమ్మలు, ఫాంట్లు ఒకచోటికి చేరతాయి. ఒక సాహిత్య సంస్థ కుర్రాళ్లకు ఈ రోజు ఫోన్లో చెప్పాను. శ్రద్ధగా విన్నారు. చివర్లో, “వర్డ్‌లో చేస్తే అవదా అక్కా?” అన్నారు.

నవంబర్ 17

నేనూ ఎంబెడ్ చేస్తాను. ఈ సంచికలో ప్రతి పేజీ తలమీదా వచ్చే బడి ముద్ర కొన్ని కిలోబైట్ల వెక్టర్ బొమ్మ. మాస్టర్ పేజీలో ఒకసారి పెట్టి ఎంబెడ్ చేశాను. ఇక అది మారదు, కాబట్టి లింకు అక్కర్లేదు. మారేది లింకు, మారనిది, చిన్నది ఎంబెడ్. నా పద్ధతి ఇంతే.

పని పూర్తయ్యాక అంతా ఎంబెడ్డే. ప్రెస్సుకు వెళ్లేది పీడీఎఫ్. పీడీఎఫ్/ఎక్స్-1ఏ అన్న ప్రమాణం 2001 నుంచి ఉంది, ఐఎస్ఓ 15930 కింద. ఫాంట్లూ బొమ్మలూ అన్నీ లోపలే ఉండి తీరాలి, ఆర్‌జీబీ రంగులు ఉండకూడదు. ఇన్‌డిజైన్ ఫైలే పంపండి, మేమే చూసుకుంటాం అనే ప్రెస్సులు ఇంకా ఉన్నాయి. వాళ్లు చూసుకునేటప్పుడే మన వొత్తులు చెదురుతాయి, ఫాంట్లు మారతాయి, బొమ్మలు జారతాయి. పంపకండి.

నవంబర్ 20

ప్రెస్సులో ప్లేట్లు తీసే గదిలో ఉన్నాను. 160 పేజీల్లో ఎక్కడా ఎర్ర గుర్తు లేదు, తప్పులు పట్టే ప్రీఫ్లైట్ పచ్చగా ఉంది. అయినా మొదటి ఫారం మిషన్ మీద తిరిగి, షీటు చేతికొచ్చేదాకా టీ తాగలేదు. సైన్సు మాష్టారు తన చోట తను కూర్చుని ఉన్నారు. క్రాపు ముద్ద కాలేదు.

పాత ఫోర్‌మన్ గారు అద్దం పెట్టి చుక్కలు చూశారు. “బాగానే ఉంది” అన్నారు. ఆ నోట అంతకంటే పెద్ద మాట రాదు.

నవంబర్ 22

ఆ మొదటి 40 పేజీల్లోని ఫొటోల్లో పదకొండింటికి అసలు ఎక్కడా దొరకలేదు. ఇళ్లల్లో వెతికించాం, స్టూడియోలు అడిగించాం. కొన్నింటికి ఆ కుటుంబాల్లో కాగితం ఫొటో కూడా మిగల్లేదు. స్కాన్ చేశాక పోగొట్టుకున్నారు, కంప్యూటర్లో ఉందిలే అన్న ధీమాతో. వాటి చోట పేర్లు మాత్రమే వేశాం.

పాత పేజ్‌మేకర్ ఫైళ్లు ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే ఇప్పుడే తీసి చూడండి. పేజ్‌మేకర్ 2001లో వచ్చిన 7తో ఆగిపోయింది. దాని ఫైళ్లను నేరుగా తెరవగలిగినది ఇన్‌డిజైన్ సీఎస్6 దాకానే, తర్వాతి వెర్షన్లు తెరవవు. తెరిచినా బొమ్మలు పక్కన లేకపోతే నమూనాలే దక్కుతాయి. మన చిన్న పత్రికల పాతికేళ్ల చరిత్ర ఈ ఫైళ్లలో ఉంది. చాలామంది మ్యాటర్ ఉన్న ఫైలొక్కటే సీడీలోకి ఎక్కించి, సంచిక భద్రంగా ఉందనుకుంటున్నారు.

నవంబర్ 24, సోమవారం

సంచికలు కమిటీకి అప్పగించాం. వాటితోపాటు ఒక హార్డ్‌డిస్కు. దాన్లో ఇన్‌డిజైన్ ప్యాకేజీ చేసిన ఫోల్డర్: పేజీల ఫైలు, వేరే వెర్షన్లలో తెరుచుకోవడానికి ఐడీఎంఎల్, ఫాంట్లు, లింకుల ఫోల్డర్, పీడీఎఫ్. దాని పక్కన మేం ముట్టుకోని అసలు ఫొటోలు, ఎవరు ఎవరో రాసిన పట్టిక.

కార్యదర్శి గారు డిస్కు చేతిలో తిప్పుతూ, “పీడీఎఫ్ ఒక్కటీ వాట్సాప్ చేస్తే సరిపోదా మేడమ్?” అన్నారు. చదువుకోవడానికి సరిపోతుంది. పాతికేళ్లకు బడి మళ్లీ ఒక సంచిక వేసుకోవాలంటే ఈ ఫోల్డర్ మొత్తం ఉండాలి. డిస్కుకు ఇంకో కాపీ తీసి బడి బీరువాలో పెట్టించమని, ఆ సంగతి రిజిస్టర్లో రాయించమని చెప్పాను. రాయించారు.